పంది కిడ్నీ, మన రక్తంలోని యాంటీబాడీలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జన్యువులు సవరించిన పంది కిడ్నీలను అమెరికాలో మనుషులకు అమర్చుతున్న తీరు మీద కిందటి నెల ఈ శీర్షికలో రాశాం. మన ఒంట్లో పసితనం నుంచే ఉండే 'సహజ యాంటీబాడీలు' మామూలు పంది అవయవాన్ని గంటల్లో చంపేస్తాయని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం పట్టుకుని గుంటూరు, విజయవాడ, గన్నవరం నుంచి చాలామంది రాశారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేసి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మనిషి కిడ్నీ పెట్టించుకున్నవాళ్లు టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, స్టెరాయిడ్ మాత్రలతో ఏళ్ల తరబడి బాగానే ఉంటున్నారు. పంది కిడ్నీకి అవే మందులు మోతాదు పెంచి ఇస్తే సరిపోదా? సహజ యాంటీబాడీలను తగ్గించే మందంటూ ఏదీ లేదా?
— ఫార్మ్-డి విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మోతాదు పెంచినా సరిపోదమ్మా. ఆ మందులు పనిచేసే చోటు ఒకటి, ఈ యాంటీబాడీలు పుట్టే చోటు ఇంకొకటి.

పంది రక్తనాళాల లోపలి పొర నిండా ఆల్ఫా-గాల్ అనే చక్కెర అణువులుంటాయి. దాన్ని తయారుచేసే జన్యువు మనుషుల్లోనూ, చింపాంజీల్లోనూ, ఆఫ్రికా, ఆసియా ఖండాల కోతుల్లోనూ పనిచేయదు. మన పేగుల్లో ఉండే బాక్టీరియాల మీద మాత్రం అలాంటి చక్కెరే ఉంటుంది. అందుకే పుట్టిన కొద్ది నెలలకే పిల్లల ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవడం మొదలవుతుంది, ఇక జీవితాంతం ఆగదు. పంది మాంసం ఎన్నడూ ముట్టనివాళ్లలోనూ ఇవి ఉంటాయి. 1984లో యూరి గలీలి బృందం వీటిని వెల్లడించింది. రక్తంలోని ఐజీజీ తరగతి యాంటీబాడీల మొత్తంలో సుమారు ఒక శాతం వీటిదేనని లెక్కగట్టింది. మామూలు పంది కిడ్నీలోకి మనిషి రక్తం వదలగానే ముఖ్యంగా ఐజీఎమ్ తరగతి యాంటీబాడీలు ఆ చక్కెరకు అంటుకుంటాయి. వెంటనే యాంటీబాడీ అంటుకున్న కణాలను చంపే కాంప్లిమెంట్ ప్రోటీన్లు రేగుతాయి, రక్తనాళాల పొర చెడి గడ్డలు కడతాయి. గులాబీరంగులో ఉన్న కిడ్నీ కళ్లముందే నల్లబడుతుంది.

టాక్రోలిమస్ టీ-కణం (రోగనిరోధక స్పందనను నడిపించే తెల్లకణం) లోపల కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ను ఆపుతుంది. టీ-కణం సాయం ఉంటేనే పుట్టే కొత్త యాంటీబాడీలకు అది అడ్డుకట్ట వేయగలదు. సహజ ఐజీఎమ్‌లో ఎక్కువ భాగానికి టీ-కణాల సాయమే అక్కర్లేదు. మైకోఫెనొలేట్ యాంటీబాడీ కార్చే ప్లాస్మా కణాలుగా మారే బీ-కణాల విభజనను కూడా అడ్డుకుంటుంది కాబట్టి అవయవం పెట్టాక రేగే కొత్త స్పందనను బాగానే అణుస్తుంది. కానీ విభజన ఎప్పుడో ముగించుకుని, ఎముక మజ్జలోనూ ప్లీహంలోనూ కూర్చుని రోజూ యాంటీబాడీ కారుస్తున్న ప్లాస్మా కణాలను అది ఏమీ చేయలేదు. కాబట్టి ఏ మందును చూసినా రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి: కొత్తగా పుట్టబోయే యాంటీబాడీని ఆపుతుందా? ఇప్పటికే ఉన్నదాన్ని తగ్గిస్తుందా? మొదటి పని చేసే మందులు చాలానే ఉన్నాయి. రెండో పని చేసేవి తక్కువ, అవీ తాత్కాలికమే.

రిటుక్సిమాబ్‌నే చూడండి. ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాముల మోతాదు ఇస్తే సీడీ20 ఉన్న బీ-కణాలు రక్తంలోంచి ఆరు నుంచి తొమ్మిది నెలలపాటు మాయమవుతాయి. ప్లాస్మా కణం మీద సీడీ20 ఉండదు గనక సహజ యాంటీబాడీ మట్టం అంతగా పడదు. 'బీ-కణాలు సున్నా' అని రిపోర్టు చూసి యాంటీబాడీ కూడా పోయిందనుకోవడం విద్యార్థుల్లో తరచు కనిపించే పొరపాటు. ప్లాస్మా కణాన్నే కొట్టేది బోర్టెజొమిబ్. చదరపు మీటరుకు 1.3 మిల్లీగ్రాముల చొప్పున 1, 4, 8, 11 రోజుల్లో ఇస్తారు. అరికాళ్ల తిమ్మిర్లు, నరాల నొప్పులు, ప్లేట్‌లెట్లు పడిపోవడం దీంతో వచ్చే ఇబ్బందులు. ఒక విడతతో యాంటీబాడీలు కొంత తగ్గినా మజ్జలో కొత్త ప్లాస్మా కణాలు పుట్టుకొస్తూనే ఉంటాయి.

ఇమ్లిఫిడేస్ వీటన్నిటికంటే వేగంగా పనిచేస్తుంది. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్ ఇది. కిలోకు 0.25 మిల్లీగ్రాములు ఎక్కిస్తే కొద్ది గంటల్లోనే రక్తంలోని ఐజీజీని నడిమికి కోసేస్తుంది. ఐజీఎమ్‌ను మాత్రం ముట్టుకోదు! తక్షణ తిరస్కరణకు ముఖ్య కారకం ఐజీఎమ్ కాబట్టి మామూలు పంది అవయవానికి ఈ మందు ఒక్కటే రక్ష కాదు. పైగా వారం పది రోజుల్లో ఐజీజీ మళ్లీ లేస్తుంది.

ప్లాస్మా మార్పిడి మందు కాకపోయినా లెక్క తెలిసి ఉండాలి. ఒక ప్లాస్మా పరిమాణం మారిస్తే రక్తంలో ఉన్నదాంట్లో దాదాపు 60 నుంచి 65 శాతం పోతుంది. ఐజీఎమ్‌లో ఎక్కువ భాగం రక్తనాళాల్లోనే ఉంటుంది కాబట్టి బాగానే దిగుతుంది. ఐజీజీలో సగానికి పైగా కణజాలాల్లో ఉంటుంది, అక్కణ్నుంచి ఒకటి రెండు రోజుల్లో రక్తంలోకి మళ్లీ చేరుతుంది. తయారీని ఆపే మందు లేకుండా ప్లాస్మా ఒక్కటే మార్చడమంటే కుళాయి కట్టకుండా తొట్టి తోడినట్టే.

ఈ రంగంలో లెఫ్లునొమైడ్ పేరు కూడా వింటారు. హామ్‌స్టర్ గుండెను ఎలుకకు పెట్టిన ప్రయోగాల్లో మందు లేకపోతే మూడు నాలుగు రోజుల్లో గుండె ఆగిపోయేది. సైక్లోస్పోరిన్ ఒక్కటే ఇచ్చినా ఫలితం పెద్దగా మారలేదు. లెఫ్లునొమైడ్ జతచేస్తే గుండె చాలాకాలం కొట్టుకుంది. బీ-కణాలు విభజన చెందడానికి కావలసిన పిరిమిడిన్ల తయారీని ఇది ఆపుతుంది, టీ-కణంతో సంబంధం లేని ఐజీఎమ్ స్పందన కూడా అణిగిపోతుంది. ఐతే ఇక్కడ ఒక మెలిక ఉంది. హామ్‌స్టర్‌కు వ్యతిరేకంగా ఎలుకలో ముందే ఉండే యాంటీబాడీ స్వల్పం. ఆ మందు ఆపింది గుండె పెట్టాక ఉప్పెనలా లేచే కొత్త ఐజీఎమ్‌ను. పందికి వ్యతిరేకంగా మనిషిలో ముందే బోలెడంత ఉంటుంది. కాబట్టి ఎలుక ఫలితాన్ని తెచ్చి మనిషికి అంటగట్టకూడదు. లెఫ్లునొమైడ్ కాలేయాన్నీ దెబ్బతీయగలదు, ఒంట్లో వారాల తరబడి నిలిచిపోతుంది. త్వరగా బయటికి పంపాలంటే కొలెస్టిరమైన్ 8 గ్రాములు రోజుకు మూడుసార్లు, 11 రోజులు ఇవ్వాలి.

ఇన్ని మందులతో కుస్తీ పట్టాక పరిశోధకులు యాంటీబాడీని వదిలి అది అంటుకునే చక్కెర మీద పడ్డారు. 2002లో ఆల్ఫా-గాల్ జన్యువు ఒక ప్రతి తీసేసిన పందిపిల్లలు పుట్టినట్టు పరిశోధకులు ప్రచురించారు, మరుసటి ఏడాది రెండు ప్రతులూ లేనివాటి సంగతి ప్రచురించారు. తర్వాత ఎన్‌యూ5జీసీ, ఎస్‌డీఏ అనే మరో రెండు చక్కెరలూ తీసేశారు. 2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో అమర్చిన కిడ్నీ ఇచ్చిన పందికి 69 సవరణలున్నాయి. ఈ మూడు చక్కెరల జన్యువులు తీసేశారు, ఏడు మానవ జన్యువులు చేర్చారు, మిగిలిన 59 పంది జన్యుపదార్థంలో దాగిన వైరస్ ప్రతులను చచ్చుపడేలా చేసినవి. అంత చేసినా ఆ రోగికి రిటుక్సిమాబ్, టీ-కణాలను తగ్గించే సీరం, టీ-కణాలు బీ-కణాలకు సంకేతమిచ్చే సీడీ40 లిగాండ్‌ను అడ్డుకునే టెగోప్రుబార్ట్, కాంప్లిమెంట్‌లో సీ5ను ఆపే రవులిజుమాబ్ ఇచ్చారు. సహజ యాంటీబాడీ బెడదను జన్యుసవరణ చాలావరకు తీర్చింది. పెట్టిన తర్వాత కొత్తగా పుట్టే యాంటీబాడీని, కాంప్లిమెంట్‌ను కాచుకోవడం మందుల వంతు.

ప్రశ్న: కోతులకు పంది అవయవం పెట్టి, మందు ఇచ్చి, వారం తర్వాత చూస్తే పంది కణాలకు అంటుకునే యాంటీబాడీ బాగా తగ్గిందని ఒక ప్రజెంటేషన్‌లో చూపించారు. అది మందు గొప్పేనని నమ్మవచ్చా? క్రాస్‌మ్యాచ్‌లో (రోగి సీరాన్ని దాత కణాలతో కలిపి చూసే పరీక్షలో) మందులే ఫలితాన్ని తారుమారు చేసే అవకాశం ఉందా?
— ల్యాబ్ టెక్నాలజిస్టు, సూర్యారావుపేట, విజయవాడ

జవాబు: ఆ ఒక్క గ్రాఫు చూసి నమ్మకండి. అవయవం ఒంట్లో ఉండగా రక్తంలో యాంటీబాడీ తగ్గడానికి అన్నిటికంటే మామూలు కారణం ఆ అవయవమే. యాంటీబాడీ దాని రక్తనాళాల గోడలకు అంటుకుపోతుంది, గొట్టంలో తీసిన సీరంలో కనిపించదు. అవయవాన్ని తీసేసిన కొద్ది రోజుల్లో మట్టం ఒక్కసారిగా పైకి లేస్తే, తగ్గింది మందు వల్ల కాదని తేలినట్టే. తీసేయని కేసుల్లో బయాప్సీ ముక్కను ఐజీఎమ్, ఐజీజీ, కాంప్లిమెంట్ రేగిందని చూపే సీ4డీలకు రంగు వేసి చూడాలి. రక్తంలో సున్నా, ముక్కలో నిండుగా రంగు ఉంటే అర్థం తెలిసిందే.

రెండో కారణం పలచబడటం. ఆపరేషన్ రోజున సెలైన్, ఆల్బుమిన్, రక్తం ఎక్కించాక అన్ని ప్రోటీన్లూ కలిసే తగ్గుతాయి. అందుకే పంది యాంటీబాడీతోపాటు అదే శాంపిల్‌లో మొత్తం ఐజీఎమ్, మొత్తం ఐజీజీ, పందితో సంబంధం లేని ఇంకో యాంటీబాడీ కూడా కొలవాలి. మనుషుల శాంపిళ్లలో టెటనస్ యాంటీబాడీ ఇందుకు పనికొస్తుంది. అన్నీ ఒకే పాళ్లలో దిగితే అది పలచబడటమో, ప్లాస్మా మార్పిడి ఫలితమో. పంది యాంటీబాడీ ఒక్కటే దిగి మిగతావి నిలబడితే అప్పుడు మందు గురించో, అవయవం పీల్చుకోవడం గురించో ఆలోచించాలి.

ఇక మందులు పరీక్షనే చెడగొట్టడం. ఇది నిజంగా జరుగుతుంది, మీ బెంచి మీదే జరుగుతుంది.

సీ5ను ఆపే ఎకులిజుమాబ్ తీసుకుంటున్న రోగి సీరంలో ఆ మందు మిగిలే ఉంటుంది. 56 డిగ్రీల సెల్సియస్‌లో 30 నిమిషాలు వేడిచేస్తే రోగి సొంత కాంప్లిమెంట్ చచ్చిపోతుంది గానీ ఆ మందు చావదు, అది కూడా ఐజీజీయే కదా. తర్వాత మీరు మనిషి కాంప్లిమెంట్ కలిపితే మందు దానిలోని సీ5ను పట్టేస్తుంది. యాంటీబాడీ ఉన్నా కణాలు చావవు, మీరు 'నెగటివ్' అని రాసేస్తారు. ఎకులిజుమాబ్ కుందేలు సీ5ను పట్టదు కాబట్టి ఇలాంటి రోగులకు కుందేలు కాంప్లిమెంట్ వాడాలి. ఐతే కుందేలు కాంప్లిమెంట్‌లో పంది కణాలను సొంతంగా చంపే గుణం ఉండొచ్చు. ప్రతి బ్యాచ్‌నూ ముందు సీరం లేకుండా పంది కణాలతో పరీక్షించి, చావు ఎక్కువగా కనిపిస్తే ఆ బ్యాచ్ పక్కన పెట్టేయాలి. అందుకే చాలామంది పిల్ల కుందేళ్ల కాంప్లిమెంట్ ఎంచుకుంటారు.

ఇమ్లిఫిడేస్ ఇచ్చిన రోజుల్లో తీసిన శాంపిల్‌లో ఎంజైమ్ బతికే ఉంటుంది. కుందేలు నుంచి తయారైన రెండో యాంటీబాడీ (రోగి యాంటీబాడీని పట్టి చూపించే రీఏజెంట్) వాడితే దాన్ని కూడా కోసిపారేస్తుంది. 'ఐజీజీ లేదు' అని వచ్చిన ఫలితంలో రోగి ఐజీజీ పోయిందా, మీ రీఏజెంటే పోయిందా తెలీదు. యాంటీబాడీ ఉందని ఖాయంగా తెలిసిన ఒక కంట్రోల్ సీరాన్ని రోగి సీరంలో కలిపి మళ్లీ నడపండి. ఆ కంట్రోల్ సిగ్నల్ కూడా పడిపోతే ఎంజైమ్ ఇంకా పనిచేస్తున్నట్టే.

ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో చూసి లెక్కించే పద్ధతిలో) ఇంకో ఉచ్చు ఉంది. పంది బీ-కణాల మీద వాటి సొంత ఐజీఎమ్ ఉంటుంది. మనిషి ఐజీఎమ్‌ను పట్టే రెండో యాంటీబాడీలు కొన్ని పంది ఐజీఎమ్‌నూ పట్టేస్తాయి. సీరం వేయకుండా రెండో యాంటీబాడీ మాత్రమే వేసిన గొట్టం తప్పకుండా పెట్టండి. అందులోనే కాంతి ఎక్కువగా ఉంటే టీ-కణాలను విడిగా ఎంచుకుని (టీ-కణాల గేటు) వాటి మీద మాత్రమే లెక్క చూడండి, లేదా ఎర్ర రక్తకణాలకు మారండి. సీరంతో నానబెట్టడం 4 డిగ్రీల్లో 30 నిమిషాలు చాలు, గది వేడిలో వదిలితే యాంటీబాడీ పట్టుకున్న అణువులను కణాలు లోపలికి లాగేసుకుని సిగ్నల్ తగ్గుతుంది. మందుకు ముందు తీసిన శాంపిల్, తర్వాత తీసినవి అన్నీ మైనస్ 80 డిగ్రీల్లో దాచి ఒకే రోజు, ఒకే పంది కణాలతో నడపండి. నెలలో ఒకసారి ఒక పంది, ఇంకోసారి ఇంకో పంది అంటే పోల్చడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: మా చివరి ఏడాది ప్రాజెక్టులో మనిషి సీరంలో టాక్రోలిమస్ కలిపి, పంది కణాలకు అంటుకునే యాంటీబాడీ తగ్గుతుందేమో చూద్దామనుకుంటున్నాం. ఫ్లో సైటోమీటర్ లేదు. తేలిక పద్ధతి చెప్పండి.
— పశువైద్య కళాశాల విద్యార్థులు, గన్నవరం

జవాబు: టాక్రోలిమస్‌ను సీరంలో కలిపితే ఏమీ జరగదు. అది కణం లోపల పనిచేసే మందు, సీరంలో కణాలే లేవు. తయారైపోయిన యాంటీబాడీతో దానికి పని లేదు. గొట్టంలో కలిపి ఫలితం చూడగలిగేవి యాంటీబాడీకే అంటుకునేవి లేదా దాన్ని కోసేవి: ఆల్ఫా-గాల్ లాంటి చక్కెరలు, ఇమ్లిఫిడేస్ లాంటి ఎంజైములు. మామూలు ఎలుకలకు టాక్రోలిమస్ ఇచ్చి చూద్దామన్నా కుదరదు, ఎలుకల ఒంట్లో ఆల్ఫా-గాల్ ఉంటుంది కాబట్టి దానికి వ్యతిరేక యాంటీబాడీ అవి తయారుచేయవు.

మీరు చేయగలిగిన మంచి ప్రాజెక్టు కుందేలు ఎర్ర రక్తకణాలతో హీమాగ్లుటినేషన్, అంటే యాంటీబాడీ కణాలను ఒకదానికొకటి అతికించేది చూసే పరీక్ష. వాటి మీద ఆల్ఫా-గాల్ దండిగా ఉంటుంది. కుందేలు రక్తానికి జంతు నైతిక కమిటీ అనుమతి, మనిషి సీరానికి మానవ నైతిక కమిటీ అనుమతి, దాతల సంతకాలు ముందే తీసుకోండి.

చెవి అంచు సిరలోంచి 2 మిల్లీలీటర్లు ఈడీటీఏ గొట్టంలోకి తీయండి. పది రెట్ల సెలైన్‌తో మూడుసార్లు కడగండి, ఆఖరి కడుగు నీళ్లు ఎర్రగా ఉంటే ఆ కణాలు పనికిరావు. గట్టిగా అడుగుకు చేరిన కణాలు 100 మైక్రోలీటర్లు తీసి పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ కలిపిన సెలైన్‌తో) మొత్తం 10 మిల్లీలీటర్లు చేస్తే ఒక శాతం ద్రావణం. సీరాన్ని 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడిచేయండి. ఈ మెట్టు వదిలేస్తే ప్రయోగం అక్కడే పోతుంది, ఎందుకంటే మనిషి కాంప్లిమెంట్ కుందేలు కణాలను యాంటీబాడీ సాయం లేకుండా కూడా పగలగొడుతుంది. గుంటలన్నీ ఎర్రని నీళ్లవుతాయి, కణాలు అతుక్కున్నాయో లేదో చూడటానికి కణాలే ఉండవు.

యూ ఆకారపు అడుగున్న 96 గుంటల ప్లేటులో ఒక వరసకు 12 గుంటలు. అన్నిట్లో 50 మైక్రోలీటర్ల పీబీఎస్ వేయండి. మొదటి గుంటలో 50 సీరం కలిపి, అందులోంచి 50 రెండో దానిలోకి, అలా పదకొండో గుంట దాకా దించి చివరి 50 పారేయండి. పన్నెండోది సీరం లేని కంట్రోల్. ఇప్పుడు అన్నిట్లో 50 చొప్పున కణాల ద్రావణం వేసి, ప్లేటు మూసి, కదపకుండా గది వేడిలో గంట ఉంచండి. కణాలు అతుక్కుంటే గుంట అడుగంతా పలుచని తెరలా పరుచుకుంటాయి, అతుక్కోకపోతే నడుమ ఎర్రని చుక్కలా దిగుతాయి. కణాలు వేశాక సీరం మరో రెండింతలు పలచబడిందని మరవకండి, మొదటి గుంట 1:2 కాదు, 1:4.

చుక్కకూ తెరకూ మధ్యలో సందేహంగా ఉన్న గుంటను ఇద్దరు విడివిడిగా చదివి రాయండి. ఒక గుంట తేడా ఈ పద్ధతిలో మామూలే, దాన్ని ఫలితమని చెప్పకూడదు. కనీసం రెండు గుంటలు, అంటే నాలుగు రెట్ల తేడా ఉంటేనే మాట్లాడాలి.

ఇప్పుడు 'మందు' భాగం. సీరంలో మెలిబయోజ్ అనే చక్కెర 0.1 మోలార్‌కు కలిపి, ఇంకో గొట్టంలో అంతే గ్లూకోజ్ కలిపి పక్కపక్క వరసల్లో నడపండి. మెలిబయోజ్ వరసలో మాత్రమే టైటర్ (కణాలు అతుక్కున్న ఆఖరి పలచన) పడితే మీరు కొలిచేది గెలాక్టోజ్‌ను పట్టే యాంటీబాడీనే. ఇంకో వరసలో సీరాన్ని డీటీటీ అనే రసాయనంతో 0.01 మోలార్ దగ్గర, 37 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచి నడపండి, ఐజీఎమ్ చితికిపోతుంది. మిగిలిన టైటర్ ఐజీజీది. డీటీటీ గాలికి చెడుతుంది, అప్పటికప్పుడు కలుపుకోండి లేదా చిన్న భాగాలుగా గడ్డకట్టించి ఒకసారే వాడండి. పంది కణాలతోనే చూడాలనుకుంటే పచ్చి కాఫీ గింజల ఆల్ఫా-గెలాక్టోసిడేస్ ఎంజైమ్‌తో కణాలను శుద్ధిచేసి, చేయనివాటితో పోల్చవచ్చు. ఆల్ఫా-గాల్ ఊడిపోతే ఎంత తగ్గుతుందో తెలుస్తుంది.

దాతల రక్తం గ్రూపు తప్పక రాసుకోండి. బీ గ్రూపు చక్కెర, ఆల్ఫా-గాల్ అన్నదమ్ముల్లాంటివి కాబట్టి ఏ, ఓ గ్రూపుల వాళ్ల యాంటీ-బీలో చాలా భాగం ఆల్ఫా-గాల్‌నూ పడుతుంది. గ్రూపులు కలగలిపి సగటు తీస్తే మీ గ్రాఫుకు అర్థం ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారికి ఆరేళ్ల కిందట పంది కణజాలంతో చేసిన గుండె కవాటం వేశారు. ఇలాంటి మందులేవీ ఇవ్వలేదు. ప్రమాదమా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కంగారు పడకండి. ఆ కవాటాన్ని గ్లూటరాల్డిహైడ్‌లో నిలవచేసి తయారుచేస్తారు, అందులో బతికున్న కణాలు ఉండవు. కిడ్నీలోలా యాంటీబాడీ అంటుకుని గడ్డకట్టాల్సిన సజీవ రక్తనాళాలూ ఉండవు. కవాటం వేశాక రక్తంలో ఆల్ఫా-గాల్ యాంటీబాడీలు పెరగడం కొలిచి చూశారు. ఏళ్లు గడిచేకొద్దీ కవాటంలో సున్నం పేరుకోవడంలో వాటికీ పాత్ర ఉండవచ్చని పరిశోధకులు అనుకుంటున్నారు. చిన్న వయసులో వేయించుకున్నవాళ్లలో కవాటం త్వరగా పాడవుతుంది. నాన్నగారికి కావలసింది కార్డియాలజిస్టు చెప్పిన గడువుల్లో ఎకో పరీక్ష, పళ్లు పీకించుకునే ముందు యాంటీబయాటిక్.

ప్రశ్న: మా తమ్ముడు ఓ పాజిటివ్, వారానికి మూడుసార్లు డయాలసిస్. అమ్మ బీ పాజిటివ్, కిడ్నీ ఇస్తానంటోంది గానీ గ్రూపు కలవదన్నారు. పంది కిడ్నీ కోసం ఆగమంటారా?
— పటమట, విజయవాడ

జవాబు: ఆగవద్దు తల్లీ. మన దేశంలో పంది కిడ్నీ పెట్టించుకునే దారి ఇప్పుడు లేదు. అమెరికాలో ఒకరికి 130 రోజులు, ఇంకొకరికి 271 రోజులు పనిచేశాక తీసేయాల్సి వచ్చింది. మీ అమ్మగారి కిడ్నీ అంతకంటే ఎన్నో రెట్లు నయం.

గ్రూపు కలవకపోవడం కూడా సహజ యాంటీబాడీ సమస్యే. తమ్ముడి రక్తంలో యాంటీ-బీ ఉంది, అదే అడ్డం. కానీ ఇక్కడ మందులు నిజంగా గెలుస్తాయి, మన దేశంలోనే చాలా కేంద్రాల్లో చేస్తున్నారు. ఆపరేషన్‌కు రెండు నుంచి నాలుగు వారాల ముందు రిటుక్సిమాబ్ ఇచ్చి, టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ ముందుగానే మొదలుపెట్టి, ప్లాస్మా మార్పిడులతో యాంటీ-బీ టైటర్‌ను కేంద్రాన్ని బట్టి 1:8 లేదా 1:16కు దించుతారు. పెట్టాక మొదటి రెండు వారాలు టైటర్‌ను దగ్గరగా కనిపెట్టి చూస్తారు. ఆ గడువు దాటాక యాంటీబాడీ మళ్లీ కొంత పెరిగినా కిడ్నీ తట్టుకుంటుంది, ఆ స్థితి పేరు అకామడేషన్. ఓ గ్రూపు వాళ్లలో ఐజీజీ తరగతి యాంటీబాడీ ఎక్కువగా ఉండవచ్చు, ఎక్కువ మార్పిడులు పడవచ్చు. డాక్టరు గారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఐజీఎమ్, ఐజీజీ టైటర్లు విడివిడిగా ఎంత? రెండోది: ఏ పద్ధతిలో చేశారు? ట్యూబు పద్ధతి, జెల్ కార్డు పద్ధతి ఒకే అంకె ఇవ్వవు, మొదటినుంచి చివరిదాకా ఒకే ల్యాబులో చేయించండి.

ఈలోగా రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించండి. దగ్గరి బంధువుల మధ్య కిడ్నీలు మార్చుకునే స్వాప్ పద్ధతికి కూడా చట్టం ఒప్పుకుంటుంది, అడగండి. తమ్ముడికి హిమోగ్లోబిన్ తగ్గితే ముందు ఐరన్, ఎరిత్రోపొయెటిన్‌తో చూడమనండి. రక్తం ఎక్కించక తప్పకపోతే తెల్లకణాలు వడగట్టిన రక్తమే కావాలనండి. ప్రతి రక్తం సంచీ హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలను (ఇతరుల కణాల గుర్తులను పట్టేవి) పెంచే అవకాశం ఉంది. వాటిలో కొన్ని పంది కణాలనూ పడతాయి కాబట్టి రేపు ఏ దారి తెరుచుకున్నా అవి ఇబ్బందే.

ప్రశ్న: ఐసీయూలో మేం ఎక్కించే ఏటీజీ (టీ-కణాలను తగ్గించే సీరం) కుందేలుది, ఐవీఐజీ (సిరలోకి ఎక్కించే ఐజీజీ) వేలమంది దాతలది. ఇవే సహజ యాంటీబాడీ సమస్యను పెంచవా?
— స్టాఫ్ నర్సు, కొత్తపేట, గుంటూరు

జవాబు: పెంచుతాయి. ఈ ప్రశ్న ఇంకా ఎక్కువమంది అడగాల్సింది. కుందేలు ప్రోటీన్ల మీద ఎన్‌యూ5జీసీ చక్కెర ఉంటుంది, మనిషిలో అది తయారుకాదు. కుందేలు ఏటీజీ తీసుకున్నవాళ్లలో ఎన్‌యూ5జీసీ యాంటీబాడీలు పెరిగినట్టు కొలిచి చూపించారు. ఆ చక్కెర తీసేసిన పంది అవయవానికి దీంతో నేరుగా బెడద లేదు, తీయనిదానికి ఉంది. బబూన్లలో ఎన్‌యూ5జీసీ సహజంగానే ఉంటుంది కాబట్టి కోతి ప్రయోగాల్లో ఈ సమస్య బయటపడదు.

ఐవీఐజీ సంగతి ఇంకా తీవ్రం. వేలమంది ప్లాస్మా కలిపి తయారుచేస్తారు కాబట్టి అందులో పంది కణాలను పట్టే యాంటీబాడీలు ఉండి తీరతాయి. 2022 జనవరి 7న అమెరికాలోని మేరీల్యాండ్‌లో పది జన్యుసవరణల పంది గుండె పెట్టించుకున్న డేవిడ్ బెనెట్‌కు ఇన్‌ఫెక్షన్ల మధ్య ఐవీఐజీ ఇచ్చారు. ఆయన మార్చి 8న చనిపోయారు. గుండె చెడటానికి కారణాలు వెతికిన వైద్యబృందం పంది సైటోమెగలో వైరస్‌తోపాటు ఆ ఐవీఐజీని కూడా అనుమానితుల జాబితాలో చేర్చింది. పంది అవయవం ఉన్న రోగికి ఐవీఐజీ ఎక్కించాల్సి వస్తే ఆ బ్యాచ్ సీసాలోంచి కొంచెం తీసి, అదే పంది కణాలతో ఐజీజీ క్రాస్‌మ్యాచ్, కాంప్లిమెంట్‌తో కణాలను చంపే పరీక్ష ముందు చేయాలి. కణాలు చస్తే ఆ బ్యాచ్ ఆ రోగికి వాడకూడదు, మరో బ్యాచ్ పరీక్షించాలి. ఎక్కించిన రోజు, తర్వాత కొద్ది రోజులు వచ్చే క్రాస్‌మ్యాచ్ పాజిటివ్‌ను రోగి సొంత స్పందనగా రాయకండి. కేస్ షీట్‌లో ఐవీఐజీ బ్యాచ్ నంబరు, మోతాదు, మొదలుపెట్టిన సమయం రాసి, శాంపిల్ ఎక్కించకముందే ఒకటి తీసి పక్కన పెట్టండి.